రేటు స్టిక్కర్ లేని డబ్బా

గురువారం ఉదయం బేగంపేట ఎయిర్ కార్గోలో దిగిన నాలుగువందల పెట్టెల కెల్‌మోర్ చాక్లెట్లు శనివారం మధ్యాహ్నానికి కూడా అక్కడే పడి ఉన్నాయి. వాటిని ఆపించినవాడు హనుమత్ప్రసాద్. కెల్‌మోర్ అనే ఇంగ్లండు కంపెనీ పేరుతో మన దేశంలో చాక్లెట్లు తయారుచేసుకునే హక్కు పదేళ్ళకు రాయించుకుని, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టిన మనిషి. పేరు మీద హక్కున్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే, అదే పేరుతో బయటినుంచి వచ్చే సరుకును ఆపించవచ్చని ఆ ఏడాదే, అంటే రెండువేల ఏడులోనే, కొత్తగా నిబంధన వచ్చింది. అది వచ్చిందని కమలకుమారికి తన సరుకు ఆగిపోయాక తెలిసింది. ఆయనకు అది రాకముందే తెలుసు. వ్యాపారంలో పెద్దా చిన్నా తేడా అక్కడే పుడుతుంది.

కమలకుమారి తమ్ముడు తారక్ మూడు రోజులుగా కార్గో ఆఫీసు గుమ్మంలోనే కాపురం పెట్టాడు. సరుకు తెప్పించే పని మొదట్నుంచీ అతనిదే. అమ్మే పని ఆమెది. "ఏసీ గది కాదక్కా. రేకుల షెడ్డు" అని పొద్దున ఫోన్ చేశాడు. లాయరు ధైర్యం చెప్పాడు. ఇది దొంగసరుకు కాదు, అసలు కంపెనీ వండిన అసలు సరుకు, కాబట్టి కేసు నిలబడుతుందన్నాడు. ఎన్నాళ్ళకు నిలబడుతుందని ఆమె అడిగితే, ఏడాది అనుకోండి అన్నాడు. ఏడాది లాయరు నిలబడగలడు. చాక్లెట్ నిలబడదు.

శనివారం మూడు గంటలకు హనుమత్ప్రసాద్ తానే వచ్చాడు.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వెళ్ళే రోడ్డు మీద, పైన మూడంతస్తులూ కోచింగ్ సెంటర్లున్న కాంప్లెక్సులో కింద కొట్టు ఆమెది. జావా, ఒరాకిల్ క్లాసులు వదిలిన వేళ. పిల్లలు మెట్ల మీదినుంచి వరదలా దిగుతున్నారు. దసరా వారం రోజుల్లో ఉంది. ఆ జనాన్ని చీల్చుకుని, చెమట చుక్క లేకుండా, తెల్లచొక్కాలో ఆయన అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. గొంతు పెంచనివాళ్ళతో బేరం కష్టమని కమలకుమారికి తెలుసు. అరిచేవాడికి ఎక్కడో ఒకచోట ఊపిరి అయిపోతుంది.

"కొట్టు చిన్నదైనా చల్లగా ఉంది చెల్లెమ్మా" అన్నాడు, కుర్చీ తానే లాక్కుని కూర్చుంటూ.

"చల్లగా లేకపోతే మా సరుకు బతకదండి. మీ సరుకైతే రోహిణీకార్తెలో రోడ్డు మీద పెట్టినా చెక్కుచెదరదంటగా. అంత గట్టి సరుకు."

కౌంటరు వెనక జాయ్సీ నవ్వాపుకోలేక అటు తిరిగింది. బోరబండ పిల్ల. ఆరేళ్ళుగా కొట్లో ఆమెకు కుడిచెయ్యి.

"చెక్కుచెదరనిదే ఈ దేశంలో అమ్ముడవుతుంది చెల్లెమ్మా."

"వావి కలపకండి. మీ చెల్లెలి సరుకైతే రేకుల షెడ్డులో ఎండబెట్టేవారా?"

ఆయన ఆ మాటకు నొచ్చుకోలేదు. సంచీలోంచి స్టాంపు కాగితం తీసి కౌంటరు మీద పరిచి, రెండు వేళ్ళతో ఆమెవైపు తోశాడు. "సరే, కమలకుమారిగారూ. చదువుకోండి. నాకు తొందరేం లేదు. తొందర సరుక్కి."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇకముందు ఎప్పుడూ కెల్‌మోర్ పేరున్న వస్తువు ఏదీ బయటి దేశంనుంచి తెప్పించనని, అమ్మనని ఆమె రాసి ఇవ్వాలి. అలా రాసిస్తే సోమవారం పొద్దున ఆయన తన దరఖాస్తు వెనక్కి తీసుకుంటాడు. ఆ నాలుగువందల పెట్టెలు బయటికి వస్తాయి. ఆఖరుసారిగా అమ్ముకోవచ్చు. ఆపైన అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతానికి సనత్‌నగర్ కెల్‌మోర్ డీలరుషిప్ ఆమెకే ఇస్తాడు.

"ఉరితాడుకి జరీ అంచు కుట్టించారు" అంది ఆమె.

"డీలరుషిప్ కోసం నా దగ్గర పదకొండు మంది తిరుగుతున్నారమ్మా."

"వాళ్ళకివ్వండి. నా కొట్టుకి జనం మీ సబ్బు కోసం రారు."

"సబ్బా?"

"కరగదు, వాసన బాగుంటుంది, కాగితం రంగులది. సబ్బు కాక ఏంటండి? అసలు కెల్‌మోర్‌లో కోకో వెన్న ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే నాలుక వేడికే కరుగుతుంది. మీరు అది తీసేసి ఏదో నూనె గడ్డకట్టించి పోస్తారు. పైన మాత్రం అదే పచ్చ కాగితం, అదే వెండిరంగు హంస. పేరొకటి, సరుకు రెండు. కొనేవాడికి ఆ సంగతి చెప్పి, రెండూ పక్కపక్కన పెట్టి, ఏది కావాలో వాణ్ణే తీసుకోనివ్వండి. దానికెందుకు భయం?"

హనుమత్ప్రసాద్ కుర్చీలో కొద్దిగా ముందుకు జరిగాడు. మొదటిసారి ఆయన మాటలో పదును వచ్చింది.

"కమలకుమారిగారూ, మీరు ఏసీ గదిలో కూర్చుని ఏసీ గదుల్లో ఉండేవాళ్ళకి అమ్ముతారు. మీ చాక్లెట్టు ఇక్కడినుంచి ఖైరతాబాద్ దాకా ఆటోలో వెళ్తే పాయసమైపోతుంది. నా చాక్లెట్టు మే నెలలో కిరాణా కొట్టు సీసాలో నిలబడుతుంది. అయిదు రూపాయలు పట్టుకొచ్చిన పిల్లాడికి కూడా కెల్‌మోర్ అందుతుంది. ఆ పిల్లాడు మీ కొట్టు తలుపు తోస్తే మీ కౌంటరు పిల్ల ఏమంటుంది? లోపలికి రమ్మంటుందా? ఎంచుకునే హక్కు గురించి మీరు నాకు చెప్పకండి. ఆ పిల్లాడికి ఎంచుకోడానికి ఏదో ఒకటి తయారుచేసి పెట్టినవాణ్ణి నేను. ఆ పేరు కోసం ఇంటి స్థలం అమ్మినవాణ్ణి. మీరేం చేశారు? వాళ్ళు వండిందాన్ని తెచ్చి పెట్టారు."

శత్రువు చెప్పినదాంట్లో పావలా నిజముంటే ఒళ్ళు మండుతుంది. అర్ధరూపాయి నిజముంటే మతి పోతుంది. సరిగ్గా ఆ సమయానికి తలుపు తోసుకుని మంజూష వచ్చింది.

మంజూష పక్క వీధి హాస్టల్లో ఉంటుంది. ఉద్యోగం మాదాపూర్‌లో. కంపెనీ పంపితే మూడు నెలలు ఇంగ్లండులో ఆన్‌సైట్ చేసి నిన్ననే దిగింది. కళ్ళకింద నిద్రలేమి ఇంకా పోలేదు.

"ఆంటీ, పెద్ద డబ్బా ఒకటి. అర్జెంటు."

బేరం మధ్యలో కొనేవాళ్ళను సాక్ష్యానికి పిలవకూడదు. చీరలు సంచిలో మోసుకుని ఇంటింటికీ తిరిగిన రోజుల్లోనే కమలకుమారి నేర్చుకున్న పాఠం అది. కోపం ఆ పాఠాన్ని మింగేసింది.

"ఉండమ్మా, ఒక్క నిమిషం. ఈ రెండు ముక్కలు నోట్లో వేసుకుని ఏది బాగుందో చెప్పు" అంది. ఇంగ్లండు బిళ్ళ ఒకటి, కౌంటరు కింద పోలిక చూపించడానికి ఉంచుకున్న సనత్‌నగర్ బిళ్ళ ఒకటి, కాగితాలు ఊడదీసి, విరిచి, రెండు డబ్బా మూతల్లో పెట్టింది. ఏది ఏదో ఆ పిల్లకు చెప్పలేదు.

మంజూష మొదటిది చప్పరించింది. నీళ్ళు తాగింది. రెండోది కొరికింది. ఇంకొంచెం కొరికింది.

"రెండోది ఆంటీ."

"సరిగ్గా చూడు."

"రెండోదే. తియ్యగా ఉంది. చిన్నప్పుడు మా రామచంద్రపురంలో కొనుక్కున్నవాటిలా ఉంది. మొదటిది కొంచెం చేదు, పాలు అడుగంటినట్టు. ఎందుకాంటీ, కొత్త కంపెనీయా?"

రెండోది సనత్‌నగర్‌ది.

హనుమత్ప్రసాద్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కౌంటరు మీద పడి ఉన్న తన చాక్లెట్ కాగితాన్ని తీసి, మడత విప్పి, వేలితో సాపు చేశాడు. తర్వాత తీరిగ్గా ఆ పిల్లవైపు తిరిగాడు.

"అయితే ఏది కట్టమంటావమ్మా? ఈ తియ్యటిదే కట్టమందామా?"

"అయ్యో, వద్దంకుల్. ఆ పచ్చ డబ్బాయే కావాలి. ఇంగ్లండుది."

"నచ్చింది ఇదన్నావుగా?"

"నాకు నచ్చడానికి కాదంకుల్. ఆఫీసులో పెట్టాలి. ఆన్‌సైట్‌నుంచి ఎవరొచ్చినా టేబుల్ మీద చాక్లెట్ డబ్బా పెట్టాల్సిందే, లేకపోతే బతకనివ్వరు. నేను కొన్నాను కూడా. అక్కడ ఎయిర్‌పోర్టులో సామాను బరువు ఎక్కువైందంటే మొత్తం తీసి అవతల పడేశా. ఇప్పుడు ఇక్కడ దొరికేది తీసుకెళ్తే మొహం మీదే అడుగుతారు, కిందికెళ్ళి కొన్నావా అని." గడియారం చూసుకుంది. "జాయ్సీ అక్కా, ఎప్పట్లాగే స్టిక్కర్ తీసివ్వవా? బాగా తియ్యి. పోయినసారి మా టీమ్ లీడ్ డబ్బాకి సగం ఉండిపోయింది. అమెరికా చాక్లెట్ మీద పంజగుట్ట అడ్రసు చూసి నెల రోజులు ఏడిపించారు పాపం."

కమలకుమారి కళ్ళతో సైగ చేసింది. ఆలస్యమైంది. అలవాటుపడిన చేతులు కదా. కొబ్బరినూనె అద్దిన దూదితో జాయ్సీ అప్పటికే డబ్బా అడుగున స్టిక్కరు చుట్టూ రాసి, గోరుతో ఒక మూల లేపి, ఒక్క లాగుడు లాగేసింది. రూపాయల్లో ధర, దిగుమతి చేసినవారి పేరు, కొట్టు అడ్రసు ఉన్న తెల్లకాగితం ఆమె వేలికి అంటుకుని ఊగుతోంది.

కొట్లో సగం బేరం ఆ దూదిముక్క మీదే నడుస్తుందని మాదాపూర్ ఆఫీసుల్లో చాలామందికి తెలుసు. అమెరికా వెళ్ళొచ్చి చాక్లెట్లు మర్చిపోయినవాడు, లండన్ అని చెప్పి పూణే వెళ్ళొచ్చినవాడు, అందరూ ఇక్కడికే వస్తారు. ఎవరికీ నష్టం లేని అబద్ధం కదా అని కమలకుమారి మొదటిరోజు అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది.

"అమ్మాయ్, ఆ కాగితం ఇలా ఇవ్వు" అన్నాడు హనుమత్ప్రసాద్.

జాయ్సీ ఇవ్వలేదు. గుప్పిట మూసింది. ఇస్తే ఒక తంటా, మూస్తే రెండు. మూసిన గుప్పిట ఏ నేరానికైనా మొదటి సాక్షి.

మంజూషకు ఏదో అర్థమైంది. "నేను మళ్ళీ వస్తా ఆంటీ" అని, డబ్బా అక్కడే వదిలేసి, వచ్చినదానికన్నా త్వరగా వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.

"కోర్టులో మీ లాయరు ఏం చెప్తాడు? మాది సక్రమంగా దిగుమతైన సరుకు, కస్టమ్స్ కట్టాం, ధర వేశాం, పేరు వేశాం, అంతా పద్ధతి ప్రకారం ఉంది అని. అంతేగా? నేను ఒక్కటే అడుగుతాను. సక్రమమైన సరుకు మీద తన పేరు తానే చెరుపుకునే వ్యాపారిని మీరెక్కడైనా చూశారా అని జడ్జిగారిని అడుగుతాను. ధర కాగితం, దిగుమతిదారు పేరు లేకుండా అమ్మితే దాన్ని స్మగ్లింగ్ సరుకంటారమ్మా. మీరే మీ సరుకుని స్మగ్లింగ్ సరుకుగా మార్చి అమ్ముతున్నారు. రోజుకి ఎన్ని డబ్బాలు?"

"అది కొనేవాళ్ళు అడిగితే..."

"కొనేవాళ్ళు విషం అడిగినా పొట్లం కడతారా?" జేబులోంచి సెల్‌ఫోన్ తీసి కౌంటరు మీద పెట్టాడు. "తూనికలు కొలతలవాళ్ళు పక్క రోడ్డులోనే ఉన్నారు. పండగ ముందు స్వీటు షాపులు చూస్తున్నారు. నేను వచ్చేటప్పుడు చూశా. ఇక్కడ కలం ఉంది, అక్కడ ఫోన్ ఉంది. ఏది తీయమంటారు?"

కమలకుమారి కుర్చీలో కూర్చుంది. ఇంతవరకూ ఆమె నిలబడే ఉంది. ఒళ్ళంతా చెమట పట్టింది, ఏసీ కిందే.

భయపడినప్పుడు ఆమె ఒక పని చేస్తుంది. భయాన్ని సరుకులా ఎదురుగా పెట్టుకుని చూస్తుంది. ఇదేంటి, ఎంత బరువు, ఎవరి చేతిలో ఉంటే ఎంత పలుకుతుంది? సంతకం పెడితే కెల్‌మోర్ పోతుంది. కెల్‌మోర్ పోతే ఈ కొట్టు ఇంకో బిస్కట్ల కొట్టు. స్టిక్కర్ పీకడం తప్పే. మొదటిసారి పట్టుబడితే జరిమానాతో పోయే తప్పు. కాని ఆ తప్పు ఆయన చేతిలో ఉన్నంతకాలం దాని ధర ఆయన చెప్తాడు. ఇవాళ ఈ సంతకం, రేపు ఇంకోటి. తన తప్పును తానే తీసుకెళ్ళి బజార్లో పెడితే? అప్పుడు ఆయన దగ్గర అమ్మడానికేం మిగులుతుంది?

గోడమీద ఫ్రేము కట్టిన దిగుమతి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కింద తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరి ఫోన్ నంబరు ఉంది. పోయినేడు తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడే రాసి ఇచ్చింది. కమలకుమారి కొట్టు ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ నంబరు నొక్కింది.

"నమస్తే మేడమ్. కమలా ఫారిన్ ఫుడ్స్ కమలకుమారినండి. మా కొట్లో రేటు స్టిక్కర్లు తీసేసి డబ్బాలు అమ్మాం. అవునండి, మేమే. కస్టమర్లు అడుగుతున్నారని తీశాం. తప్పే. వచ్చి రాసుకోండి. జరిమానా కడతాను. పక్క రోడ్డులోనే ఉన్నారా? సరేనండి. ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. స్టాంపు కాగితాన్ని రెండు వేళ్ళతో ఆయనవైపు తోసింది. ఆయన తోసినట్టే.

"ఆవిడ పది నిమిషాల్లో వస్తారు. మీ ఫోన్ మీరు జేబులో పెట్టుకోండి, ఛార్జింగ్ దండగ. ఇంకేమైనా ఉందా అన్నయ్యగారూ?"

చాలాకాలానికి ఆమెకు ఛాతీ నిండా గాలి ఆడింది. ఎదుటివాడి చేతిలోని కర్రను జరిమానా ఖరీదుకి కొనేసుకుంది. అంతకన్నా చవక బేరం ఆ పండక్కి అమీర్‌పేటలో ఇంకెవరూ చేసి ఉండరు.

కాని హనుమత్ప్రసాద్ లేవలేదు. మొహంలో ఓడిపోయినవాడి ఎరుపు లేదు. ఇంకేదో ఉంది. ఇంటిలోంచి పొగ వస్తుంటే చూసినవాడి మొహంలా ఉంది.

"ఏం పని చేశావమ్మా" అన్నాడు. మొట్టమొదటిసారి గొంతు పెరిగింది. "ఎవర్ని అడిగి చేశావు?"

"నా తప్పు నేను చెప్పుకోడానికి ఎవర్ని అడగాలి?"

"నీ తప్పు స్టిక్కరనుకున్నావా! ఆ డబ్బా విప్పు."

"ఎందుకు?"

"విప్పమంటున్నాను. ఆవిడ వచ్చేలోపల విప్పి చూడు."

"మేడమ్" అంది జాయ్సీ. ఇంతసేపూ మూసిన గుప్పిట ఇంకా తెరవలేదు. "గా డబ్బా వద్దు మేడమ్. జర నా మాట ఇనుండ్రి."

ఆ పిల్ల గొంతు విన్నాక కమలకుమారి ఇక ఆగలేదు. మంజూష వదిలేసిన పచ్చ డబ్బా అందుకుని తలకిందులు చేసింది. నూనె మెరుపులో, స్టిక్కరు ఉన్నచోట, 'ఈ తేదీలోగా వాడాలి' అన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. పక్కన తేదీ ఉండాల్సిన చోట చిటికెనవేలి గోరంత మేర రేకు తెల్లగా మెరుస్తోంది. ఎవరో గీకారు.

"బయటి తేదీ మీలాంటివాళ్ళ కోసం" అన్నాడు హనుమత్ప్రసాద్, అద్దాల తలుపు వైపు చూస్తూ. "లోపలి తేదీ మాలాంటివాళ్ళ కోసం. తయారుచేసేవాడు తన గుర్తుకి లోపలి వెండికాగితం మీద కూడా ఒకటి కొడతాడు. గీకినవాడు వ్యాపారి. వాడికి అది తెలియదు. తీసి చూడు."

ఆమె మూత ఊడబెరికింది. వెండికాగితం మడతలో, చిన్న నల్ల అంకెల్లో ఉంది. మార్చి, రెండువేల ఏడు. ఇప్పుడు అక్టోబరు.

ఆరు నెలలు దాటిన చాక్లెట్. మూడొంతులు ఆన్‌సైట్ పిల్లలే తీసుకెళ్ళి తమ ఆఫీసుల్లో పంచిపెట్టిన చాక్లెట్. పదేళ్ళుగా అసలు సరుకు అంటే నా కొట్టే అని ఆమె గుండెమీద చెయ్యేసుకుని చెప్పిన చాక్లెట్.

"మా వాళ్ళు పోయిన నెల ఇక్కడే రెండు డబ్బాలు కొన్నారు. రెండూ ఇంతే" అన్నాడాయన. "వాటిని లాకర్‌లో పెట్టాను. బయట పెట్టలేదు. నిన్ను వదిలేద్దామని కాదు. ఆ డబ్బా మీద ఉన్న పేరు ఎవరిది? నాది కూడా! రేపు పేపర్లో కెల్‌మోర్ చాక్లెట్లు పాడైనవి అని పడితే, జనం ఇంగ్లండుదా, సనత్‌నగర్‌దా అని అడుగుతారా? కిరాణా సీసాల్లోంచి నావి కూడా తీసి అవతల పారేస్తారు. అందుకే, కార్గోలోవైనా మంచివే అయ్యుంటాయనుకుని, సంతకంతో సరిపెడదామనుకున్నా. స్టిక్కరు పేరు చెప్పి భయపెడితే పెట్టేస్తావనుకున్నా. నువ్వు పోయి ఇన్‌స్పెక్టర్ని కొట్లోకే పిలిచావు."

కమలకుమారి ఆయన మాట సగమే విన్నది. జాయ్సీ వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"స్టిక్కర్లు తీసేటప్పుడు చూసిన మేడమ్. గీ కొత్త లాట్‌ల అన్నిటికీ గీకే ఉన్నది. గప్పుడే చెప్పిన."

"నాకు చెప్పలేదు."

"మీకు కాదు." జాయ్సీ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "తారక్ సార్‌కు చెప్పిన. అక్కకు చెప్పకు, బీపీ ఉన్నది, నేను చూసుకుంట అన్నడు. దుబాయ్‌ల ఎవరో సేట్ దగ్గర సస్తాకు దొరికినయంట. ప్రభువు సాక్షి మేడమ్, నేను రెండుసార్లు చెప్పిన."

లండన్ వ్యాపారి దగ్గర్నుంచి నేరుగా తెస్తున్నానని తారక్ తనకు బిల్లులు చూపించాడు. ప్రతిసారీ చూపించాడు. సొంత తమ్ముడి బిల్లు మీద అనుమానం పడే అక్క ఉంటుందా? ఉండాలి. తనే ఎన్నోసార్లు ఇంకొకళ్ళకు చెప్పిన మాట అది.

ఒక్క ప్రశ్న మిగిలింది.

"జాయ్సీ, మరి కార్గోలో ఉన్నవి?"

జాయ్సీ తలొంచుకుంది. "గవి సుత గా సేట్ దగ్గరికెల్లే అనుకుంట మేడమ్. ఫోన్ల మాట్లాడంగ ఇన్న."

ఏ సరుకు కోసమైతే లాయరును పెట్టుకుందో, ఈ మనిషిని నిలబెట్టి తిట్టిందో, తన తప్పు తానే బజార్లో పెట్టుకుందో, ఆ సరుకు రేకుల షెడ్డులో కరగడం కాదు, అది దిగకముందే కుళ్ళి ఉంది.

"షట్టరు దించు" అన్నాడు హనుమత్ప్రసాద్. ఈసారి ఆజ్ఞ కాదు, బతిమాలుతున్నాడు. "ఒంట్లో బాగాలేదని కబురు పెట్టు. రేపటికల్లా కొట్లోవి, ఆపైన కార్గోలోవి, మొత్తం నేనే కొని తగలబెట్టిస్తాను. మీ తమ్ముడి పేరు బయటికి రాదు. నా పేరూ రాదు."

మూడు గంటలకు ఆమెను ముంచడానికి వచ్చిన మనిషి, నాలుగు కాకముందే ఆమెకు ఇల్లు మిగిల్చే బేరం చెప్తున్నాడు. అందులో మోసం లేదు. ఆయన లాభం, ఆమె లాభం ఒకే తక్కెడలో ఒకే పక్కన ఉన్నాయి. ఇంత సూటి బేరం ఆమె ఎన్నడూ ఎరగదు. మంజూష సోమవారం పొద్దున ఇంకో కొట్లో ఇంకో డబ్బా కొనుక్కుని ఆఫీసుకు వెళ్తుంది. ఇప్పటిదాకా తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. కాలేదనే అనుకుంటోంది. ఎవరిని అడిగింది గనక?

షట్టరు కొక్కెం తలుపు పక్కనే ఉంది. ఆమె లేచి నాలుగడుగులు వేసింది. డబ్బా చేతిలోనే ఉంది.

అద్దం అవతల నీలం చీర, భుజాన నల్లసంచీ, చేతిలో తనిఖీ పుస్తకంతో ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరి కోచింగ్ పిల్లల్ని తప్పించుకుంటూ కొట్టు ముందు మెట్లెక్కుతోంది. కమలకుమారిని చూసి పలకరింపుగా నవ్వి తలుపు తోసింది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో తప్పు చేశాం రండి అని పిలిచినవాళ్ళు మీరొక్కరేనమ్మా. ఏదీ, ఆ స్టిక్కర్ తీసిన డబ్బా?"

"అది నేను కొన్నానండి. ఇందాకే" అన్నాడు హనుమత్ప్రసాద్ వెనకనుంచి. వచ్చి, ఎంతో మర్యాదగా, డబ్బా అందుకోబోయాడు.

డబ్బా ఒక కొస ఆయన చేతిలోకి వెళ్ళింది. రెండో కొస కమలకుమారి వదల్లేదు.